చుట్టపుచూపు వీసాతో పొట్టకూడు దొరకునా?

నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము దిక్కుల నుండి వచ్చు బస్సులు ఎల్.బి. నగర్ కూడలి దాటి హైదరాబాదు నగరమున ప్రవేశించును. ఆ కూడలికి సమీపముననే దిల్‌సుఖ్‌నగర్, సైదాబాదు పేటలు కలవు. పోటీ పరీక్షలకు చదువుకొనుటకై పల్లెల నుండి వచ్చిన యువకులు ఈ పేటలలోని హాస్టళ్లలోను, అద్దె గదులలోను ఉందురు. పరీక్ష నెగ్గినవారు ఉద్యోగములకు పోవుదురు. నెగ్గని వారిలో కొందరి దృష్టి దుబాయి, మస్కటు, కువైటు, మలేషియా దేశముల మీదికి మరలును.

పరదేశమునకు పోయి కష్టపడి సంపాదించుటలో తప్పేమియు లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతముల నుండియు, కడప, గోదావరి జిల్లాల నుండియు వెళ్లినవారు పంపిన సొమ్ముతో ఎన్నో ఇండ్లు నిలబడినవి. ఎందరో ఆడపిల్లల పెండ్లిండ్లు జరిగినవి. అయితే ఏ కాగితము చేతబట్టుకొని పోవుచున్నాము అనునది అన్నింటికంటె ముఖ్యమైన విషయము. ఆ కాగితమును బట్టియే మనిషి అక్కడ పనివాడగుటయో, నేరస్థుడగుటయో నిర్ణయమగును.

వీసాలలో భేదము

పరదేశమున అడుగు పెట్టుటకు ఆ దేశప్రభుత్వము ఇచ్చు అనుమతియే వీసా. పని చేయుటకు ఇచ్చునది ఒకటి. చూచి పోవుటకు ఇచ్చునది మరియొకటి. రెండవదానిని విజిట్ వీసా లేక టూరిస్టు వీసా అందురు. మన వాడుకలో చెప్పవలెనన్న అది చుట్టపుచూపు వీసా. చుట్టమునకు మర్యాద జరుగును గాని, ఆ యింటి పొలములో పాలు ఉండదు. అట్లే విజిట్ వీసాపై వెళ్లిన వానికి ఆ దేశమున తిరుగుటకు హక్కు కలదు. కూలి సంపాదించుటకు హక్కు లేదు.

దుబాయి, అబుదాబి, షార్జాలు గల యు.ఏ.ఇ. దేశమున విజిట్ వీసా సాధారణముగా 30 లేక 60 దినములకు ఇయ్యబడును. రుసుము చెల్లించి గడువు పెంచుకొనుటకు వీలు కలదు. బిడ్డలను చూచుటకు పోయిన తల్లిదండ్రులకు ఇది మేలైన ఏర్పాటే. అయితే దళారులు దీనిని వేరొక విధముగ వాడుకొనుచున్నారు. “ముందు విజిట్ మీద వెళ్లుము. అక్కడ కంపెనీవారు వీసా మార్చెదరు” అని నమ్మబలికి యువకులను విమానము ఎక్కించుచున్నారు.

సరిహద్దు ప్రయాణములు

కంపెనీ వీసా మార్చదు, గడువు తీరును. అప్పుడు గడువు పెంపునకు డబ్బు కట్టవలెను. పెంపునకు వీలు లేనపుడు దేశము దాటి పొరుగుదేశమునకు పోయి, క్రొత్త వీసాతో తిరిగి రావలెను. దీనినే అచటివారు ‘వీసా చేంజ్’ అందురు. ఇందుకై బస్సులో ఒమాన్ సరిహద్దు దాటి వచ్చువారు కలరు. విమానములో పోయి అదే విమానములో తిరిగి వచ్చువారును కలరు.

2000 తరువాతి సంవత్సరములలో ఇరాన్ దేశమునకు చెందిన కిష్ దీవి ఈ ప్రయాణములకు పేరు మోసినది. ఆ దీవికి పోవుటకు ముందుగా వీసా అక్కరలేదు. అందువలన వీసా తీరిన కూలీలు అక్కడికి పోయి, క్రొత్త వీసా వచ్చువరకు దినములు, ఒక్కొక్కప్పుడు వారములు కాచుకొని యుండెడివారు. 2004 ఫిబ్రవరి 10న కిష్ నుండి షార్జాకు వచ్చుచున్న విమానము దిగునపుడు కూలిపోయి, అందలి 46 మందిలో 43 మంది మరణించిరి. వీసా మార్పు కొరకు పోయి తిరిగి వచ్చుచున్న శ్రామికులును అందులో ఉండిరి.

ఒక లెక్క

సైదాబాదులో గది తీసుకొని చదువుకొన్న ఒక యువకుడు విజిట్ వీసాపై దుబాయి పోయినాడని ఊహింతము. దళారికిని, టిక్కెట్టుకును కలిపి తండ్రి 1,50,000 రూపాయలు అప్పు తెచ్చినాడు. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. అనగా నెలకు 3,000, రెండు నెలలకు 6,000 రూపాయలు.

అక్కడ దొంగచాటుగా దొరికిన పనికి నెలకు 1,100 దిర్హముల చొప్పున రెండు నెలలకు 2,200 దిర్హములు వచ్చినవనుకొందము. తిండికిని, పడకకును నెలకు 500 చొప్పున 1,000 పోవును. రెండు నెలలకొకసారి వీసా మార్పునకు మరియొక 1,000 పోవును. మిగులునది 200 దిర్హములు. దిర్హము సుమారు 24 రూపాయలని చూచిన అది 4,800 రూపాయలు. రెండు నెలలు ఎండలో కష్టించినను వడ్డీకే 1,200 తక్కువ. అసలు అట్లే యుండును. ఇది జీతము సక్రమముగ చేతికందిన నాటి లెక్క.

డబ్బు చాలక వీసా మార్చుకొనని నాడు దినమునకు 50 దిర్హముల జరిమానా పడును. నెల దినములకు అది 1,500 దిర్హములు. అనగా అతని నెల జీతమును మించినది. ఇట్లు జరిమానా పెరుగుచుండగా ఇంటికి రాలేక, అక్కడ బయట తిరుగలేక, సంవత్సరముల తరబడి చాటున బ్రదుకువారు ఏర్పడుదురు. ఇట్టివారి కొరకే యు.ఏ.ఇ. ప్రభుత్వము 2018లోను, 2024లోను క్షమాభిక్ష ప్రకటించినది. 2024 సెప్టెంబరు 1 నుండి డిసెంబరు 31 వరకు జరిమానాలు రద్దు చేసి ఇండ్లకు పోవుటకు అవకాశము ఇచ్చినది. అయితే క్షమాభిక్ష ఎప్పుడు వచ్చునో ఎవరును చెప్పజాలరు. దానిని నమ్ముకొని పోవుట వాన రాకముందే విత్తనము చల్లుట వంటిది.

కోల్పోవు రక్షణలు

డబ్బు నష్టము కంటె పెద్దది రక్షణ లేకపోవుట. పని వీసా గలవానికి అక్కడి శ్రామికశాఖలో నమోదైన ఒప్పందము ఉండును. జీతము ఇయ్యని యజమానిపై అతడు ఫిర్యాదు చేయవచ్చును. విజిట్ వీసాపై పని చేయువాడు ఫిర్యాదునకు పోయిన, తాను చట్టము తప్పినట్లు తానే ఒప్పుకొన్నట్లగును. ఈ సంగతి యజమానికి బాగుగా తెలియును. అందుచేతనే జీతము ఎగవేయుటకు అతడు వెనుదీయడు. అనుమతి లేనివారిని పనిలో పెట్టుకొను యజమానికి లక్ష మొదలు పది లక్షల దిర్హముల వరకు జరిమానా విధించుచు 2024లో ఆ దేశము చట్టమును కఠినము చేసినది. పనివానిని దేశము నుండి పంపివేయుదురు.

మన దేశమున 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము శ్రామికులకు కొంత కాపుదల కల్పించినది. పదవ తరగతి నెగ్గనివారి పాస్‌పోర్టు గల్ఫ్ దేశములు, మలేషియా మొదలగు 18 దేశములకు పనికై పోవునపుడు ప్రభుత్వ పరిశీలన కోరునది. ఒప్పందము సరిచూచిన తరువాతనే అనుమతి వచ్చును. దానితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా చేయబడును. రెండేండ్ల బీమాకు 275, మూడేండ్లకు 375 రూపాయలును, పన్నును మాత్రమే చెల్లించవలెను. విజిట్ వీసాపై పోయినవాడు ఈ పరిశీలనను, ఈ బీమాను రెండింటిని చేజేతుల విడిచినట్లే. అతడు పరంజి మీద నుండి పడిన నాడు ఇంటికి చేరునది అప్పు మాత్రమే.

తూర్పు దేశముల ఉచ్చు

చదువుకొన్న యువకులు మేము కూలీలము కాము, మాకేమి భయమని తలపరాదు. కంప్యూటరు ఉద్యోగమని చెప్పి టూరిస్టులుగా థాయిలాండుకు రప్పించి, అక్కడి నుండి దొంగదారిని మయన్మారు సరిహద్దు దాటించి, సైబరు మోసముల ముఠాలకు అప్పగించిన ఉదంతములు కలవు. కంబోడియా, లావోసులలోను ఇట్లే జరిగినది. 2025 మార్చిలో భారతప్రభుత్వము రెండు విమానములలో 549 మందిని థాయిలాండు మీదుగా స్వదేశమునకు తీసికొనివచ్చినది. వారిలో తెలుగువారును ఉండిరి.

వెళ్లుటకు ముందు చూడవలసినవి

మొదటిది, ఏజెంటునకు కేంద్రప్రభుత్వ లైసెన్సు కలదా అనునది. ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో లైసెన్సుదారుల జాబితా ఉన్నది. పెద్ద ఏజెంటుకు మనిషినని చెప్పుకొను ఊరి దళారికి చట్టము ఏ అధికారమును ఈయలేదు. రెండవది, రుసుము. లైసెన్సుగల ఏజెంటు తీసుకొనదగిన సేవారుసుము పన్ను గాక 30,000 రూపాయలకు మించరాదు. దానికి రసీదు ఇయ్యవలెను. మూడవది, వీసా కాగితము. దాని మీద విజిట్ అనియో, టూరిస్టు అనియో ఉన్న యెడల అది పని వీసా కాదు. నాలుగవది, జీతము, పని గంటలు, బస వివరములు గల ఒప్పందపత్రము. దాని నకలును, పాస్‌పోర్టు నకలును ఇంటిలో ఉంచి పోవలెను.

హైదరాబాదులో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయము కలదు. తెలంగాణ ప్రభుత్వమునకు చెందిన ‘టామ్‌కామ్’ సంస్థ విదేశీ ఉద్యోగములకు అభ్యర్థులను పంపుచున్నది. ఢిల్లీలోని ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రము 1800 11 3090 నంబరుపై ఉచితముగ సలహా ఇచ్చును.

ఇప్పటికే చిక్కుకొన్నవారికి

అక్కడ గడువు మీరి ఉన్నవారు దాగి యుండుట వలన జరిమానా పెరుగుటయే గాని తరుగుట లేదు. వెంటనే భారత రాయబార కార్యాలయమునకు గాని, దుబాయిలోని కాన్సులేటునకు గాని పోవలెను. ఆపదలో ఉన్న పేదవారి టిక్కెట్టు ఖర్చునకును, మరణించినవారి దేహములను పంపుటకును 2009 నుండి సంక్షేమనిధి యున్నది. ఇంటివారు హైదరాబాదు ప్రజాభవనములో 2024 సెప్టెంబరు 27న ప్రారంభమైన ప్రవాసీ ప్రజావాణిలో అర్జీ పెట్టుకొనవచ్చును. గల్ఫులో మరణించిన కార్మికుని కుటుంబమునకు 5 లక్షల రూపాయల సహాయము ఇచ్చుటకు రాష్ట్రప్రభుత్వము అదే సంవత్సరము ఉత్తరువులు చేసినది.

దూరపు కొండలు నునుపు. కొండ దగ్గరకు పోయిన తరువాత రాళ్లు కనబడి ప్రయోజనము లేదు. ఊరిలో ఎవరైనను ప్రయాణమునకు సిద్ధపడినపుడు, పొలము కుదువ పెట్టుటకు ముందే ఆ వీసా కాగితమును గ్రామ పంచాయతీ కార్యదర్శికో, పాఠశాల ఉపాధ్యాయునికో చూపి చదివించుకొనవలెను. యువజన సంఘములు ఈ పనిని పూనుకొనదగును. ఒక్క పంక్తి చదువుట వలన ఒక కుటుంబము ఋణబాధ నుండి తప్పించుకొనును. పని చేయుటకు పోవువాడు పనివానిగనే పోవలెను, చుట్టముగా కాదు.