వేళ్ల వాపుకు స్కానింగ్ ఎందుకు?

కడుపులో బిడ్డను చూసే అల్ట్రాసౌండ్‌ను ఢిల్లీ ఎయిమ్స్ వంటి ఆసుపత్రుల్లో చేతివేళ్లకూ వాడతారు. ఎందుకంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. పొర ఉబ్బి, కాలక్రమంలో ఎముకనూ తినేస్తుంది. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ ఆ మెత్తని పొర సరిగా కనిపించదు. అంటే చాలాసార్లు నష్టం జరిగాకే బయటపడుతుంది. అదే కణుపు మీద జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే, చెవికి అందని ధ్వని తరంగాలు లోపలికి వెళ్లి తిరిగొచ్చి ఉబ్బిన పొరను తెర మీద ముదురు రంగులో చూపిస్తాయి. పవర్ డాప్లర్ అనే పద్ధతి వాడితే అందులో పారే రక్తం నారింజ చుక్కలుగా మెరుస్తుంది. ఆ చుక్కలు ఎంత ఎక్కువైతే వాపు అంత చురుగ్గా ఉన్నట్టు. డాక్టర్లు దానికి 0 నుంచి 3 వరకు అంకె వేస్తారు.

మరి అందరికీ మాటిమాటికీ చేయాలా? అక్కర్లేదు. 2016లో వెలువడిన నార్వే అధ్యయనం ‘ఆర్కిటిక్’లో, స్కాన్ చూసి మందులు మార్చినా, అది లేకుండా మామూలు పరీక్షతో మార్చినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అలాగని స్కాన్ వృథా కాదు. చేత్తో తడిమినా వాపు ఉందో లేదో తేలని తొలి రోజుల్లోనే దాని అసలు విలువ. ఇంత పనికొచ్చే యంత్రం ప్రతి డాక్టరు గదిలో ఉండకపోవడానికి ఒక కారణం ఏమిటంటే, లింగ నిర్ధారణను అడ్డుకునే 1994 చట్టం ప్రకారం అల్ట్రాసౌండ్ కేంద్రాలు నమోదు కావాలి, వేళ్లు చూడటానికైనా సరే. ఇది అనవసరపు అడ్డంకి అనేవాళ్లున్నారు. కానీ 2011 జనగణనలో, ఢిల్లీని ఆనుకున్న హర్యానాలో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 834 మందే. ఆ అంకె చూశాక నమోదు ఉండాల్సిందేనని నా అభిప్రాయం.