కర్నూలు నేతి మిఠాయి.. ఓ బ్రాండ్ కథ

బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో నా మొదటి ఇంటర్వ్యూ. ‘మీ జిల్లాలో పుట్టి బయట కూడా పేరు తెచ్చుకున్న బ్రాండ్ ఒకటి చెప్పండి’ అన్నారు. మాది ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సొసైటీ గుర్తొచ్చింది, ఆదోని పత్తి గుర్తొచ్చింది. బ్రాండ్ అనగానే మాత్రం నోరు పెగల్లేదు. బయటికొచ్చి రోడ్డు దాటుతుంటే ఎదురుగా బోర్డు.. పుల్లారెడ్డి స్వీట్స్!

జి.పుల్లారెడ్డి 1948లో కర్నూలులో మొదలుపెట్టిన వ్యాపారం ఇది. డాల్డా మార్కెట్లోకి వచ్చి అప్పటికే పదేళ్లు దాటింది. నెయ్యి కంటే చవక. మిఠాయి చేసేవాళ్లకు అంతకంటే ఏం కావాలి? ఆయన మాత్రం స్వచ్ఛమైన నేతినే పట్టుకున్నారు. అందుకే ధర ఎక్కువ, పేరూ ఎక్కువే. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. అధికారులు, ఎమ్మెల్యేల రాకపోకలు గిరాకీకి కలిసొచ్చే ఉంటాయని నా అంచనా. మూడేళ్లకే రాజధాని హైదరాబాద్ వెళ్లిపోయింది. పుల్లారెడ్డి మిఠాయి కూడా తర్వాత అక్కడికి చేరింది.

ఖరీదైన తిండి అమ్మడంలో అసలు చిక్కు ఒకటుంది. లడ్డూలో ఉన్నది నెయ్యో, వనస్పతో చూస్తే తెలీదు. దీనికి మన దేశంలో ఓ తెలివైన ఏర్పాటు చేశారు. వనస్పతిలో కొంత నువ్వుల నూనె తప్పనిసరిగా కలపాలని నిబంధన పెట్టారు. దాన్ని నేతిలో కల్తీ చేస్తే బౌడోయిన్ పరీక్షలో దొరికిపోతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యూరాల్ కలిపి కుదిపితే ఎరుపు రంగు తేలుతుంది. కెమిస్ట్రీ, ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ చదివేవాళ్లూ, ఇది మీ ఉద్యోగమే. మిఠాయి కంపెనీ అనగానే కౌంటరే గుర్తొస్తుంది గానీ, వెనకాల క్వాలిటీ ల్యాబ్ ఉంటుంది, కొనుగోళ్లు ఉంటాయి, ప్యాకింగ్ ఉంటుంది. ఫుడ్ అనలిస్ట్ కావాలంటే తగిన డిగ్రీ, అనుభవం ఉండాలి. ఆపైన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పరీక్ష పాసవ్వాలి.

పుల్లారెడ్డి 2007లో కన్నుమూశారు. అంతకుముందే, 1980ల్లో కర్నూలులో ఇంజినీరింగ్ కాలేజీ, 1997లో హైదరాబాద్‌లో అమ్మాయిల కోసం జి.నారాయణమ్మ ఇంజినీరింగ్ కాలేజీ పెట్టించారు.

నాతో ఇంటర్ చదివిన ఆదోని కుర్రాళ్లిద్దరు ఆ కర్నూలు కాలేజీలోనే చేరారు. నా ఇంటర్వ్యూ సంగతి చెబితే పడీపడీ నవ్వారు. ‘నాలుగేళ్లు మా మెడలో ఐడీ కార్డు మీద వేలాడింది ఆ పేరే కదరా’ అన్నారు.