లాస్కో గుహకు సోకిన వ్యాధులు

ఆవకాయ జాడీలో తడిచేయి పెట్టరాదని మన ఇండ్లలో పెద్దలు చెప్పుట మనమందరము ఎరిగినదే. ఒక్క నీటిబొట్టు చాలును, కొలది దినములలోనే బూజు పట్టును. వేల సంవత్సరములు మూతవేసిన జాడీవలె నిలిచియుండిన ఒక గుహకు, మనుష్యుల రాకపోకలు మొదలైన పదునైదేండ్లలో ఇట్టి గతియే పట్టినది.

ఫ్రాన్సు దేశపు నైరుతి భాగమున, మొంతిన్యాక్ గ్రామము చెంతనున్న లాస్కో గుహను 1940 సెప్టెంబరు 12వ తేదీన నలుగురు బాలురు కనుగొనిరి. లోపలి గోడలపైనను కప్పుపైనను గుఱ్ఱములు, దుప్పులు, అడవి ఎద్దులు కలవు. ఒక వృషభము 5 మీటర్లకు మించిన పొడవు గలది. సుమారు 17,000 సంవత్సరముల క్రిందట, నల్లని మాంగనీసు ఖనిజముతోను, ఇనుము కలిసిన ఎఱ్ఱని, పసుపుపచ్చని మట్టితోను ఆ కాలపు వేటగాండ్రు వీనిని చిత్రించిరి. పిమ్మట ముఖద్వారము రాళ్ళతో, మట్టితో పూడిపోయినది. గాలి, వెలుతురు, జనము లేకపోవుటయే ఆ రంగులకు రక్షయైనది.

1948లో గుహను ప్రజలకు తెరచిరి. ద్వారము విశాలమైనది, విద్యుద్దీపములు వెలిగినవి. 1955 నాటికి దినమునకు 1,200 మంది వరకు దర్శింపసాగిరి. ఇందు ఎవ్వరి దోషమును లేదు. వారు కేవలము ఊపిరి తీసికొనిరి, అంతియే. కాని ఊపిరితో తేమ, వేడిమి, బొగ్గుపులుసు వాయువు వెలువడును. ఆ తేమ చల్లని గోడలపై నీరై, వాయువుతో కలిసి సున్నపురాతిని తినివేయును. మరియొకచోట తెల్లని పొరగా పేరుకొనును. పాదరక్షలతో సూక్ష్మబీజములు వచ్చినవి. దీపముల వెలుతురు వానికి ఎండవలె పనిచేయగా, గోడలపై ఆకుపచ్చని నాచు మొలచినది. 1963లో సాంస్కృతిక శాఖామంత్రి ఆంద్రే మాల్రో గుహను మూయించెను. కనుగొన్న బాలురలో ఇరువురు, రవిదా, మార్సాల్ అనువారు, అప్పటికి అచ్చటనే మార్గదర్శకులు. తాము లోకమునకు చూపిన వింతకు, చూపుటయే చేటు తెచ్చుట వారు కన్నులార చూడవలసివచ్చినది.

ఫార్మలిన్ చల్లగా నాచు అణగినది. అయితే కథ ముగియలేదు. గాలి, తేమలను సరిచూచు క్రొత్త యంత్రమును అమర్చిన తరువాత, 2001లో ఫ్యుసేరియమ్ అను తెల్లని బూజు నేలపై దూదివలె వ్యాపించినది. నేలపై పొడిసున్నము పరచిరి, క్రిమినాశక ద్రావణములు పూసిరి. బూజుతో సహవాసము చేయు కొన్ని బాక్టీరియములకు ఆ మందు లొంగక పోవుటచే ఆంటిబయాటిక్కులు కూడ వాడవలసివచ్చినది. కొన్ని ఏండ్లకు నల్లని మచ్చలు బయలుదేరినవి. వీనికి కారణములలో ఒకటియైన శిలీంధ్రమునకు 2012లో గుహపేరనే ఓక్రోకోనిస్ లాస్కోయెన్సిస్ అని నామకరణము చేసిరి. బూజును మేసి బ్రదుకు సన్నని పురుగులు దాని బీజములను చోటునుండి చోటికి మోయుచున్నవి. చచ్చిన బూజును, పూసిన మందును కూడ ఇతర జీవులకు ఆహారమగునని పరిశోధకులు శంకించిరి. మందే మేతయైనచో వైద్యుడేమి చేయగలడు? గోడను తోమి కడుగుదమన్న రంగు ఊడును.

అందుచే మందులకంటె మితమునకే ఇప్పుడు ప్రాధాన్యము. పరిశీలకులు మాత్రము, రక్షణ దుస్తులు ధరించి, కొలది సేపే లోనికి పోవుదురు. తక్కినవారికై 200 మీటర్ల దూరమున 1983లో ఒక ప్రతిరూపమును, 2016లో కొండ క్రింద సంపూర్ణమైన మరియొక ప్రతిరూపమును తెరచిరి. నకలును చూచుటకు అంతదూరము పోవలెనా యని కొందరు పెదవి విరతురు. స్పెయినులోని అల్తమీరా గుహలో 2014 నుండి వారమునకు ఐదుగురిని, చీటీలు తీసి, లోనికి పంపిరి.