కలలో పాశం కనబడితే కీడేనా?

కలలో యమపాశం కనబడినా, మగ్గం మీద పోగు తెగినా ఇంట్లో ఎవరికో గండమని మన షోలాపూర్ పద్మశాలి ఇళ్లలో కంగారు పడుతుంటాం. శ్రావణ పౌర్ణమికి రథం మీద మనం ఊరేగించే మార్కండేయ మహర్షి కథ చూడండి. పదహారేళ్లే ఆయుష్షు అన్న బాలుడి మీద యముడు పాశం వేశాడు. బాలుడు శివలింగాన్ని కౌగిలించుకుని బతికాడు. మన కథలో పాశం చావుతో ముగియలేదు, ఆపదలో దేన్ని పట్టుకోవాలో చెప్పింది.

చరక సంహిత కలలను ఏడు రకాలుగా చెప్పింది. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి: ఈ ఐదింటికీ ఫలితం లేదంది. పగలంతా పోగులు అతికే చేతులకు రాత్రి తెగిన పోగు కనబడటం వింత కాదు. కలకు భయపడి శాంతులకు అప్పు చేయకండి. అదే కల పదే పదే వచ్చి నిద్ర పట్టకపోతే ఇంట్లో చెప్పండి, డాక్టరుకు చూపించుకోండి.