సాంచకు పోస్తూనే ఉంటారు, బండికెందుకు మారుస్తారు?

ప్రశ్న: మా బాపు సాంచలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. రోజూ నూనె డబ్బాతో సాంచకు అక్కడో చుక్క, ఇక్కడో చుక్క పోస్తాడు గానీ పాత నూనె తీసెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. బండికి మాత్రం మెకానిక్ నూనె మొత్తం కిందికి వంపేసి కొత్తది పోస్తాడు. ఎందుకట్లా? ఎన్ని రోజులకోసారి మార్చాలె? దుకాణంలో అన్ని డబ్బాలుంటాయి కదా, ఏది కొనాలె?
– ఏడో తరగతి విద్యార్థిని, లింబాయత్, సూరత్

జవాబు: ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నవాళ్లకు కూడా తట్టని ప్రశ్న ఇది. నీకు తట్టిందంటే సాంచల చప్పుడు మధ్య పెరగడం వల్లే. లింబాయత్, ఉధ్నా, పాండేసరా వైపు తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపేటంత మంది మనవాళ్లు అక్కడున్నారు. ఆ ఇళ్లలో నూనె డబ్బా పట్టుకోవడం తెలియనివాళ్లు ఉండరు. కాబట్టి సాంచ దగ్గరే మొదలుపెడదాం.

ఇనుము ఎంత నునుపుగా కనిపించినా దగ్గరగా చూస్తే దాని మీద ఎత్తుపల్లాలుంటాయి. రెండు ఇనుప ముక్కలు రాసుకుంటే ఆ ఎత్తులు ఒకదానికొకటి తగిలి, వేడెక్కి, అరిగిపోతాయి. మధ్యలో నూనె పలచటి పొరలా నిలబడితే ఇనుముకు ఇనుము తగలదు. మీ బాపు పోసే చుక్క చేసే పని ఇదే. ఆ పని చేస్తుండగా దానికి దారపు నుసి, దుమ్ము అంటుకుంటాయి. కొంత నూనె కింద కారుతుంది, కొంత గుడ్డతో తుడిచేటప్పుడు పోతుంది. అంటే సాంచలో నూనె చుక్క వస్తుంది, పని చేస్తుంది, పోతూ పోతూ మురికిని తనతో పట్టుకుపోతుంది. అందుకే మీ బాపు కొత్త చుక్క పోస్తే చాలు, పాతది తియ్యాల్సిన పని లేదు.

మోటారు బండ్లు కూడా మొదట్లో ఇలాగే నడిచాయి. వందేళ్ల కిందటి మోటారుసైకిళ్లకు పెట్రోలు ట్యాంకు పక్కన చిన్న చేతిపంపు ఉండేది. నడిపే మనిషి కొంతదూరం పోయాక ఒకసారి దాన్ని నొక్కితే కాస్త నూనె ఇంజన్‌లోకి పోయేది. అది లోపల తిరిగి కొంత కాలిపోయేది, మిగిలింది రోడ్డు మీద కారిపోయేది. మొదటి ప్రపంచయుద్ధం నాటి కొన్ని విమానాలకైతే పోసింది ఆముదమే. వాటి ఇంజన్లు ఆముదాన్ని తాగి, పొగతో పాటు బయటికి చిమ్మేవి. క్యాస్ట్రాల్ అనే పేరు పుట్టింది కూడా ఆముదానికి ఇంగ్లీషు వాళ్లు వాడే క్యాస్టర్ అన్న మాటలోంచే. దేశంలో ఆముదాలు అన్నిటికంటే ఎక్కువ పండేది నువ్వున్న గుజరాత్‌లోనే. అంత దూరం ఎందుకు, మీ తాతనడుగు. పాత బజాజ్ స్కూటర్‌కు పెట్రోలు కొట్టించేటప్పుడే అందులో టూటీ ఆయిల్ కలిపించేవాళ్లు. అది పెట్రోలుతో పాటే కాలి నీలి పొగగా పోయేది. ఆ స్కూటర్లకు ఇంజన్ నూనె మార్చమని మెకానిక్ దగ్గరికి ఎవరూ పోలేదు, మార్చడానికి అక్కడ ఏమీ మిగలదు కాబట్టి.

ఇప్పటి ఫోర్‌స్ట్రోక్ బండి అలా కాదు. దాని ఇంజన్ అడుగున సుమారు ఒక లీటరు నూనె నిలవ ఉంటుంది. పంపు దాన్ని పైకి ఎక్కిస్తుంది, అది పిస్టన్‌నూ పళ్లచక్రాలనూ తడిపి మళ్లీ కిందికే జారుతుంది, మళ్లీ పైకి పోతుంది. నెలల తరబడి తిరిగేది ఆ ఒక్క లీటరే. నీలి పొగ రాదు, నూనె పెద్దగా ఖర్చు కాదు. కానీ లోపల పుట్టిన మురికికి బయటికి దారి కూడా ఉండదు. అదంతా ఆ నూనెలోనే చేరుతుంది. మనం నూనె వంపేది అందుకు. నూనెతో పాటు మురికిని బయటికి పంపడానికి మనకున్న దారి అదొక్కటే.

అన్ని వైపులా మూసి ఉన్న ఇంజన్‌లో మురికి ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతావేమో. ఎక్కువ భాగం పెట్రోలు మంటలోంచే వస్తుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీళ్లు పుడతాయి. పొద్దున్నే సైలెన్సర్ నుంచి చుక్కలు రాలడం చూసే ఉంటావు, ఆ నీళ్లే అవి. చాలావరకు ఆవిరిగా బయటికి పోతాయి. కానీ పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందుల్లోంచి కొంచెం ఆవిరి, కొంచెం మసి, కాలకుండా మిగిలిన కొంచెం పెట్రోలు కిందికి దూరి నూనెలో కలుస్తాయి. ఇంజన్ బాగా వేడెక్కి కాసేపు నడిస్తే నీళ్లూ పెట్రోలూ మళ్లీ ఆవిరై పోతాయి. లింబాయత్‌లో ఎక్కి, రెండు మూడు కిలోమీటర్లలో ఉధ్నాలో దిగిపోతే ఆ వేడి రాకముందే బండి ఆగిపోతుంది. నీళ్లు నూనెలోనే ఉండిపోతాయి. రోజూ ఇదే తంతు అయితే ఆ నీళ్లూ మసీ కలిసి జిగురు బురదలా అడుగున పేరుకుంటాయి, లోహాన్ని తినే ఆమ్లాలు కూడా తయారవుతాయి.

మంట సంగతి అలా ఉంటే వేడి సంగతి వేరు. వేడి నూనెకు గాలిలోని ఆక్సిజన్ తగిలితే నూనె చెడిపోయి చిక్కబడుతుంది. మోటు లెక్కన వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఈ చెడిపోవడం రెండింతల వేగంతో జరుగుతుంది. వంటింట్లో బజ్జీలు వేసిన నూనెను మళ్లీ మళ్లీ కాచితే ఏమవుతుందో మీ అమ్మకు తెలుసు, ఇదీ అంతే. పైగా డబ్బాలో ఉండేది ఒట్టి నూనె కాదు. మసిని ముద్దకట్టనివ్వకుండా విడివిడిగా తేలించి పట్టుకునే మందులు, ఆమ్లాలను విరిచేవి, అరుగుదలను ఆపేవి అందులో కలిపి ఉంటాయి. పని చేసేకొద్దీ ఆ మందులు తరిగిపోతాయి. నూనె లీటరు లీటరుగానే కనిపిస్తుంది, దాని పస మాత్రం తగ్గిపోతుంది.

అందుకే రంగు చూసి తీర్పు చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. గేజు పుల్ల తీసి, నూనెను వేళ్ల మధ్య రుద్ది, ‘నల్లగైంది, మార్చాల్సిందే’ అంటారు. డీజిల్ బండిలో పోసిన కొత్త నూనె నాలుగు రోజుల్లోనే నల్లబడుతుంది. మసిని నూనె పట్టుకుంటోందనీ, అంటే దాని పని అది చేస్తోందనీ ఆ నలుపుకు అర్థం. సూరత్ వీధుల్లో తిరిగే సీఎన్‌జీ ఆటోది తలకిందుల కథ. గ్యాసు శుభ్రంగా కాలుతుంది, మసి తక్కువ, కాబట్టి నూనె చాలా రోజులు గోధుమరంగులో అందంగానే ఉంటుంది. కానీ ఆ ఇంజన్‌లో వేడి ఎక్కువ. చూడ్డానికి బాగున్న ఆ నూనె లోపల చెడిపోయి ఉండవచ్చు. ఆటో నడిపేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

ఒక్క రంగును మాత్రం నమ్మాలి. నూనె పాలు కలిసినట్టు తెల్లగా, నురగగా కనిపిస్తే అందులో నీళ్లు చేరాయన్నమాట. 2006 ఆగస్టులో ఉకాయి డ్యాం నుంచి వదిలిన నీళ్లతో తాపీ నది పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది, వాటితో పాటు బండ్లూ మునిగాయి. ఇప్పటికీ గట్టి వాన పడితే మీఠీ ఖాడీ అనే వాగు నీళ్లు లింబాయత్ వీధుల్లోకి వస్తుంటాయి. మునిగిన బండిని కిక్కు కొట్టి చూడొద్దని మీ బాపుతో గట్టిగా చెప్పు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, లోపలి కడ్డీ వంగిపోతుంది. ముందు ప్లగ్గు తీసి నీళ్లు పోగొట్టాలి, నూనె మొత్తం మార్చాలి. కొద్దిసేపు నడిపాక ఆ కొత్త నూనెనూ ఒకసారి వంపెయ్యాలి.

ఇక ఎన్నాళ్లకు మార్చాలనే సంగతి. బండితో వచ్చే పుస్తకంలో అంకె ఉంటుంది. మనం వాడే మోటారుసైకిళ్లలో అది ఎక్కువగా మూడు వేల నుంచి ఆరు వేల కిలోమీటర్ల మధ్య ఉంటుంది. కారుకేమో పది వేలు అంటారు, మరి బండికెందుకు తక్కువ? కారులో మూడు నాలుగు లీటర్ల నూనె, మురికిని వడకట్టే కాగితపు ఫిల్టరు ఉంటాయి. చాలా వంద సీసీ బండ్లలో ఒక్క లీటరే నూనె, దానికి ఒక తీగజల్లెడ, గిర్రున తిరుగుతూ మురికిని అంచుకు విసిరే ఒక చిన్న గిన్నె, అంతే. పైగా ఆ లీటరే గేర్లనూ క్లచ్చునూ కూడా మొయ్యాలి. కొత్త బండికి మొదటిసారి ఇంకా తొందరగా, ఐదొందలు దాటి వెయ్యిలోపే మార్చేస్తారు. కొత్త భాగాలు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు రాలిన లోహపు నుసి అందులో ఉంటుంది కాబట్టి.

పుస్తకంలోని అంకె మామూలు వాడకానికి రాసింది. రింగ్ రోడ్డు మీద బట్టల మార్కెట్ల దగ్గర సాయంత్రం ఇరుక్కుంటే చక్రం తిరగదు, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మీటరులో కిలోమీటరు పడదు, నూనెకు వయసు పడుతుంది. నిలబడి ఒక గంట తిరిగిన ఇంజన్‌ను నలభై యాభై కిలోమీటర్లు నడిచినట్టు లెక్కేసుకోవచ్చని వాహనాల పని తెలిసినవాళ్లు అంటారు. వెనక బట్ట తాన్లు కట్టుకుని తిరిగే బండి, దుమ్ములో నడిచే బండి, రోజూ రెండు కిలోమీటర్లే నడిచే బండి, ఇవన్నీ కష్టపు వాడకం కిందికే వస్తాయి. పుస్తకం ఆరు వేలు అంటే అలాంటి బండికి నాలుగు వేలకే మార్చడం నయం. మార్చేదాకా మధ్యలో కొలత చూసి తగ్గితే పోస్తుండాలి. పెళ్లిళ్లకు ఊరెళ్లి నెలల తరబడి బండికి తాళం వేసినా, కిలోమీటర్లు తిరగలేదు కదా అని ఊరుకోకుండా ఏడాదికోసారైనా మార్చాలి. అలాగని రెండు నెలలకోసారి ఊరికే మార్చడం డబ్బు దండగ. తొందరగా మారిస్తే బండికి రెట్టింపు ఆయుష్షు ఏమీ రాదు.

డబ్బా ఎంచుకోవడం చూసినంత కష్టం కాదు. దాని మీద బొమ్మలు వదిలెయ్యి, మూడు గుర్తులు చదువు. మొదటిది 10డబ్ల్యూ-30 లాంటి జంట అంకె. డబ్ల్యూ ఉన్న అంకె చలిలో నూనె ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది, అది తగ్గేకొద్దీ పారడం సులువు. రెండో అంకె నూరు డిగ్రీల వేడిలో నూనె ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. సూరత్‌లో చలికాలం రాత్రి కూడా పది డిగ్రీల కిందికి దిగడం అరుదు, కాబట్టి మనకు రెండో అంకె ముఖ్యం. అయితే ‘చిక్కగా ఉంటే ఇంజన్‌కు బలం’ అని ఏ బండికైనా 20డబ్ల్యూ-50 పోసే మెకానిక్‌లు ఉన్నారు. అది తప్పు. స్ప్లెండర్‌కు కంపెనీ చెప్పేది 10డబ్ల్యూ-30. ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు 15డబ్ల్యూ-50. దేని సందులు దానికి కొలిచి చేశారు. సన్నటి సందుల్లోకి చిక్కటి నూనె పొద్దున్నే తొందరగా ఎక్కదు, ఇంజన్ దాన్ని తోసుకుంటూ తిరగాలి గనుక మైలేజీ కూడా తగ్గుతుంది. మీ బాపు కూడా వేగంగా తిరిగే చోటుకు పలచటి నూనె, బరువు పడే పళ్లచక్రాలకు చిక్కటి గ్రీజు వాడడం చూసే ఉంటావు.

రెండో గుర్తు ఎపిఐ అనే అమెరికా సంస్థ అక్షరాలు. ఎస్‌తో మొదలైతే పెట్రోలు ఇంజన్లకు, సీతో మొదలైతే డీజిల్‌కు. ఎస్ తర్వాతి అక్షరం ముందుకు పోయేకొద్దీ పరీక్ష కఠినం. ఎస్‌ఎల్ 2001లో, ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పి 2020లో వచ్చాయి. పుస్తకం ఎస్‌ఎల్ అంటే ఎస్‌ఎన్ పొయ్యొచ్చు, వెనక్కి మాత్రం పోవద్దు.

మూడోది జాసో అనే జపాన్ గుర్తు. చాలామంది దాని వైపే చూడరు, నా లెక్కలో బండికి అన్నిటికంటే ముఖ్యం అదే. మోటారుసైకిల్ క్లచ్చు ఇంజన్ నూనెలోనే మునిగి ఉంటుంది. క్లచ్చు పని పట్టుకోవడం, నూనె పని జారించడం. కారు నూనెల్లో మైలేజీ కోసం ఇంకా జారుడు పెంచే మందులు కలుపుతుంటారు. ఆ నూనె తెచ్చి బండిలో పోస్తే క్లచ్చు జారిపోవచ్చు, అప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు. అందుకే క్లచ్చు మునిగి ఉండే బండ్లకు ఎంఏ అని, అది బయట పొడిగా ఉండే యాక్టివా లాంటి స్కూటర్లకు ఎంబీ అని గుర్తులు పెట్టారు. ఇంట్లో రెండూ ఉంటే ఒకే డబ్బా రెండింటికీ పోసేముందు ఈ అక్షరాలు చూడండి.

సింథటిక్ నూనె వేడిని బాగా ఓర్చుకుంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. దూరాలు పోయే పెద్ద బండికి, పగలంతా తిరిగే వాహనానికి పెట్టిన డబ్బు దక్కుతుంది. ఫ్యాక్టరీకీ ఇంటికీ తిరిగే వంద సీసీ బండికి సరైన అంకె ఉన్న మామూలు నూనెను వేళకు మారిస్తే చాలు.

కొలత చూడడం నువ్వే నేర్చుకో. ఇంజన్ కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, చదునైన చోట సెంటర్ స్టాండు వేసి గేజు పుల్ల తుడిచి పెట్టు. చాలా బండ్లకు మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. రెండు గీతల మధ్య ఉంటే సరి. పైగీత దాటి పోసినా నష్టమే, చక్రాలు చిలికి నూనె నురగకడుతుంది.

కొత్త డబ్బా సీలు నీ కళ్ల ముందే తీయించు. ఖాళీ డబ్బాకు కత్తితో గాటు పెట్టించు. లేకపోతే అందులో ఏదో నింపి మళ్లీ అమ్మేవాళ్లుంటారు. వంపిన పాత నూనెను మాత్రం మోరీలో పొయ్యనివ్వకండి, అది నేరుగా ఖాడీలోకి పోతుంది. 2016 నాటి నియమాల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. అలాంటి నూనెను శుద్ధి చేసి మళ్లీ నూనెగా మార్చే పరిశ్రమలు ఉన్నాయి. 2024 ఏప్రిల్ నుంచి పాత నూనెలో కొంత భాగాన్ని అలా శుద్ధి చేయించే బాధ్యతను నూనె కంపెనీల మీద కూడా పెట్టారు. పాత నూనెను పీపాలో జమచేసి అలాంటివాళ్లకు అప్పజెప్పే మెకానిక్ దగ్గరే నూనె మార్పించమని మీ బాపుకు చెప్పు.