ఎండిన దవడకు కాలి ఎముక

నోటి క్యాన్సర్‌కు కరెంటు (రేడియేషన్) పెట్టించుకుని కోలుకున్నవారిలో కొందరికి, నెలలకో ఏళ్లకో, దవడలో కొత్త బాధ మొదలవుతుంది. పన్ను పీకించుకున్న చోట పుండు మానదు. చీము కారుతుంది, చిగురు చీలి ఎముక బయటపడుతుంది. క్యాన్సర్ తిరగబెట్టిందేమోనని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ముక్క పరీక్షతో ఆ అనుమానం తీర్చుకోవలసిందే. అది కాదని తేలితే, రేడియేషన్ వల్ల ఎముకే చచ్చిపోయి ఉండవచ్చు. 60, 70 గ్రేల మోతాదులో పడే కిరణాలు కణితితో పాటు చుట్టుపక్కల సన్నని రక్తనాళాలనూ దెబ్బతీస్తాయి. ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చి చేరేదే తప్ప మూలం కాదని, రక్తం, కణాలు, ఆక్సిజన్ తగ్గిపోవడమే మూలమని అమెరికా సర్జన్ రాబర్ట్ మార్క్స్ 1983లో వాదించాడు. గుట్కా, ఖైనీ, చుట్ట ఇంకా వదలని మన ఊళ్లలో ఈ సంగతి తెలిసి ఉండాలి.

దీన్నిబట్టి నాకు తోచేది ఒకటే: దవడ విరిగేదాకా, బుగ్గకు చిల్లు పడేదాకా వచ్చాక పైపైన గీకి కుట్లు వేయడం నీరందని మడిలో మళ్లీ మళ్లీ నారు నాటడమే. చుట్టూ ఉన్న చర్మం కూడా కిరణాలు సోకినదే, అదెలా అతుక్కుంటుంది? పాడైన ఎముకను రక్తం చిమ్మే మేర వరకూ కోసి తీసి, కిరణాలు తగలని చోటినుంచి సొంత రక్తనాళాలున్న కణజాలాన్ని తెచ్చి పెట్టాలి. పిక్కలోని సన్నని ఎముక ఫిబ్యులాతో దవడను కట్టే పద్ధతిని డేవిడ్ హిడాల్గో 1989లో ప్రకటించాడు. ఆ ఎముకను చర్మంతో సహా తీసి, దవడ వంపుకు తగ్గట్టు ముక్కలు చేసి, రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలను మైక్రోస్కోపు కింద మెడ నాళాలకు కుడతారు.

కాలి ఎముక తీస్తే నడకేం కావాలన్న భయం సహజం. ఒంటి బరువులో ఎక్కువ భాగం మోసేది పక్కనున్న పెద్ద ఎముక. చీలమండ, మోకాలి దగ్గర కొంత ఎముక వదిలేస్తారు కనుక చాలామంది మామూలుగానే నడుస్తారు. మందులతో, ఆక్సిజన్ గదితో నయం కాదా అంటారు. తొలిదశలో పెంటాక్సిఫిలిన్, విటమిన్ ఇ వాడి, చిన్నపాటి శుభ్రతతో సరిపెట్టుకోవచ్చు, అక్కడ కత్తి తొందర తప్పే. ఆక్సిజన్ గది మీద మాత్రం నమ్మకం సడలింది: పళ్లు పీకేముందు ముందుజాగ్రత్తగా వాడి చూసిన హోపాన్ పరీక్ష, 2019 ఫలితాల్లో, చెప్పుకోదగ్గ మేలు చూపలేదు. ఇక గంటలకొద్దీ సాగే ఆపరేషన్, కిరణాలకు పెళుసైన మెడ నాళాలు, గడ్డకడితే మొత్తం పోయే ముప్పు, ఇవన్నీ నిజమే. అందుకే కాలి ధమనులను ముందే స్కాన్ చేస్తారు, మొదటి రోజుల్లో కొత్త కండ రంగును గంటగంటకూ చూస్తారు. అంత ఆపరేషన్‌కు ఒళ్లు తట్టుకోదనుకుంటే ఛాతీ కండను దాని నాళాలతోనే పైకి తిప్పి పుండు కప్పుతారు. దవడ ఎముక తిరిగి రాకపోయినా చీము ఆగి, నోటి పుండు మూతపడుతుంది.