మాలగాలో మేమిద్దరం

సెలవులంటే ఇండియా ప్రయాణమే అన్నట్టు ఇన్నేళ్ళూ గడిచాయి. పిల్లలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక, మొన్న ఆగస్టులో మావారూ నేనూ స్పెయిన్ దక్షిణ తీరంలోని మాలగా చూసి వచ్చాం.

ఎండ బెజవాడను తలపించింది! పొద్దున్నే జిబ్రాల్‌ఫారో కోట ఎక్కి, మధ్యాహ్నం ఆ ఊరివాళ్ళలాగే తలుపులు మూసుకుని పడుకునేవాళ్ళం. పికాసో 1881లో పుట్టింది ఇక్కడే. కెథీడ్రల్ రెండో గోపురం మాత్రం అసంపూర్తి. 1782లో పని ఆగిపోయింది. అందుకే దాన్ని ‘ఒంటిచేతి ఆవిడ’ అంటారు.

సాయంత్రాలు సముద్రపు ఒడ్డున నడక. పిల్లల కబుర్లు అయిపోయాక ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తోచలేదు. మూడోరోజుకి తోచింది.

అక్కడ ఇసుక నింపిన పడవల్లో నిప్పులు వేసి సార్డీన్ చేపలు కాలుస్తారు. మాబోటి శాకాహారులకు చెరకు పాకం పోసిన వంకాయ వేపుడు దొరుకుతుంది. వంకాయకు తీపేమిటని విసుక్కున్న మావారే రెండో పళ్ళెం తెప్పించారు.